నా పని ల్యాప్‌టాప్‌లో మా అబ్బాయి లినక్స్ వేయవచ్చా?

ప్రశ్న:

హైదరాబాద్ నల్లకుంట నుంచి ఒక పాఠకురాలు రాసిన సుదీర్ఘమైన ఉత్తరానికి ఇది సారాంశం. ఆమె పన్నెండేళ్లుగా ఇంట్లోనే డీటీపీ పని చేస్తున్నారు. శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, కరపత్రాలు, అప్పుడప్పుడు ఒక కవితా సంపుటి కంపోజ్ చేసి చిక్కడపల్లి, నారాయణగూడ వైపు ప్రెస్సులకు పంపిస్తారు. పనంతా "అను" అనే తెలుగు ఫాంట్లతో, పేజీలు పేర్చే పేజ్‌మేకర్‌లో, కొంత బొమ్మలు గీసే కోరల్‌డ్రాలో జరుగుతుంది. ఇంట్లో ఉన్నది ఒకే ల్యాప్‌టాప్: విండోస్ 11 హోమ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న కొడుకు రాత్రిపూట దాన్నే వాడుకుంటాడు.

గడచిన మాఘమాసంలో ఒక రాత్రి అతను తల్లికి చెప్పకుండా పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ అనే, విండోస్‌లాంటి మరో ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించబోయి, యంత్రం లేవగానే ముందుగా పనిచేసే బయోస్ అమరికల్లోకి వెళ్లి, గుర్తింపు సంతకం లేని సిస్టమ్‌ను లేవనివ్వని సెక్యూర్ బూట్ అనే కాపలాను ఆపేశాడు. పెన్‌డ్రైవ్ ఎందుకో లేవలేదు. అలాగే మూసేసి పడుకున్నాడు. తెల్లవారి ఆమె తెరిస్తే నీలి తెర మీద రికవరీ కీ ఇవ్వమని కనిపించింది. కొడుకు అప్పటికే కాలేజీకి వెళ్లిపోయాడు. రిపేరు దుకాణంలో చూపిస్తే ఫార్మాట్ చేయడం తప్ప మార్గం లేదన్నారు. పది గంటలకు ఇవ్వవలసిన శుభలేఖ ప్రూఫును స్నేహితురాలి కంప్యూటర్‌లో మొదటి నుంచి టైపు చేయవలసి వచ్చింది. ఆ హడావుడిలో "కీ.శే." అన్న మాట ఒక తాతగారి పేరు ముందు నుంచి నిక్షేపంగా బతికి ఉన్న మరో తాతగారి పేరు ముందుకు చేరింది. ప్రూఫులోనే దొరికింది కనుక సరిపోయింది. సాయంత్రం కొడుకు వచ్చి బయోస్‌లో మార్పును వెనక్కి తీసుకోగానే ల్యాప్‌టాప్ మామూలుగా తెరుచుకుంది.

ఇప్పుడు అతను ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌కు లినక్స్ తప్పనిసరి అని, ఈసారి సరిగ్గా చేస్తానని పట్టుబడుతున్నాడు. భర్త "చదువు కోసమే కదా" అంటున్నారు. ఆమె పాస్‌వర్డ్ మార్చేశారు. తల్లీకొడుకుల మధ్య మాటలు తగ్గాయి. మరో ల్యాప్‌టాప్ కొనే వీలు ఇప్పట్లో లేదు. విండోస్ 11 ఎక్కదన్నారని పాత డెస్క్‌టాప్‌ను అటక మీద పెట్టేశారు. ఒప్పుకోవాలా, వద్దా? రెండూ ఒకే యంత్రంలో ఉంటే విండోస్ నెమ్మదిస్తుందా? నా ఫైళ్లు పోతాయా? ఇవి ఆమె అడిగిన ప్రశ్నలు.

సమాధానం:

మొదట ఆ నీలి తెర సంగతి తేల్చుకుందాం, మీ భయమంతా అక్కడే మొదలైంది కాబట్టి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టిన విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో, డిస్కు మీది సమాచారమంతా డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే ఏర్పాటు కింద, మనల్ని ప్రత్యేకంగా అడగకుండానే, తాళం వేసి ఉంటుంది. ఆ తాళాన్ని తీసే పని టీపీఎం అనే భద్రతా భాగానిది. యంత్రం లేచే ప్రతిసారీ, లేచే పద్ధతిలో ఎవరైనా చేయి పెట్టారా అని అది సరిచూసుకొని, తేడా లేకపోతేనే తలుపు తీస్తుంది. సెక్యూర్ బూట్‌ను ఆపడమంటే దాని దృష్టిలో ఎవరో గుమ్మం పీకి మరొకటి బిగించినట్టే. అందువల్ల తాళం తీయకుండా, యజమాని మీరేనని రుజువు చేసుకోవడానికి 48 అంకెల రికవరీ కీ అడిగింది. మార్పును వెనక్కి తీసుకోగానే కీ అవసరం లేకుండానే తెరుచుకుందని మీరే రాశారు. అంటే ఆ రోజంతా మీ ఫైళ్లు ఉన్నచోటనే, ఉన్నట్టుగానే ఉన్నాయి. ఫార్మాట్ తప్ప మార్గం లేదన్న దుకాణంవారి మాట విని ఉంటే మాత్రం పన్నెండేళ్ల పని వాళ్ల బల్ల మీదే పోయేది. మీరు ఆ పూట వాళ్లకు సరే అనకపోవడం ఎంత మంచి పని అయిందో మీకు తెలియాలని ఇంత వివరంగా చెబుతున్నాను.

ఆ కీ ఎక్కడుంటుందన్నది తరువాతి సంగతి. ల్యాప్‌టాప్ కొన్న రోజున ఏ ఈమెయిల్‌తో సైన్ ఇన్ అయ్యారో ఆ మైక్రోసాఫ్ట్ ఖాతాలో అది దాచి ఉంటుంది. చాలా ఇళ్లలో జరిగేదేమిటంటే, అమ్మ కోసం కొన్న ల్యాప్‌టాప్‌ను కొడుకో, అమ్మిన దుకాణంలోని కుర్రవాడో తన మెయిల్‌తో మొదలుపెడతాడు. ఏళ్ల తరువాత కీ కావలసి వచ్చినప్పుడు ఆ మెయిల్ ఎవరిదో ఎవరికీ గుర్తుండదు. మీ ఇంట్లో ఏ నిర్ణయం జరిగినా, అసలు ఏ నిర్ణయమూ జరగకపోయినా, ఈ కీని కనుక్కోవడం మాత్రం ఆగకూడదు. ఎందుకంటే లినక్స్ ఊసే లేని ఇంట్లోనూ బయోస్ అప్‌డేట్ తరువాతనో, మదర్‌బోర్డు మార్చిన తరువాతనో అదే నీలి తెర రావచ్చు. ఖాతాలో పరికరం పేరు ఎదురుగా కీ కనిపిస్తుంది, ఆరేసి అంకెలు చొప్పున ఎనిమిది గుంపులుగా. ఒకటికంటే ఎక్కువ కీలు ఉంటే, నీలి తెర మీద చూపే కీ ఐడీతో సరిపోలేది మీది. దాన్ని కాగితం మీద రాసి, ప్రూఫు దిద్దే పద్ధతిలోనే ఒకరు పైకి చదువుతుండగా ఒకరు సరిచూసి, బీరువాలో పెట్టండి. ల్యాప్‌టాప్‌లోనే ఒక ఫైలుగా దాచుకుంటే, ఇల్లు తాళం వేసి తాళంచెవి లోపలే వదిలేసినట్టవుతుంది.

ఇక మీ అబ్బాయి తప్పు ఎంతవరకు అన్న విషయం. సెక్యూర్ బూట్‌ను ముట్టుకోవడం పెద్ద నేరమేమీ కాదు. చాలాకాలంగా ఇంటర్నెట్‌లో కనిపించే పాత సూచనలన్నీ మొదటి మెట్టుగా అదే చెబుతాయి. నిజానికి ఉబుంటు వంటి ప్రధానమైన లినక్స్‌లకు అది అవసరం లేదు; వాటిని లేపే బూట్ భాగానికి మైక్రోసాఫ్ట్ సంతకమే ఉంటుంది, సెక్యూర్ బూట్ ఉండగానే అవి లేస్తాయి. అతను చేసిన అసలు తప్పు, వేరొకరి పనిముట్టు మీద చేయి పెడుతూ ఆ మనిషికి చెప్పకపోవడం. అదీ పెళ్లిళ్ల కాలంలో. అది సాంకేతికమైన తప్పు కాదు కనుక, "ఈసారి నేర్చుకున్నాను" అన్న మాట దానికి జవాబు కాలేదు. మీ కోపం కూడా లినక్స్ మీద కాదని నా అనుమానం.

మీ ఉత్తరంలో మీరు చెప్పకుండా వదిలిన ఒక విషయం నన్ను అన్నింటికంటే ఎక్కువ కలవరపెట్టింది. పన్నెండేళ్ల ఫైళ్లకు మరో ప్రతి ఉందని మీరు ఎక్కడా రాయలేదు. అక్క పెళ్లికి వేసిన కార్డునే పేర్లు మార్చి చెల్లెలి పెళ్లికి వేయమని అయిదేళ్ల తరువాత వచ్చేవాళ్లు మీ పనిలో ఎంతమంది ఉంటారో మీకే తెలుసు. అటువంటి ఫైళ్లు ఒకే ఎస్‌ఎస్‌డీ మీద ఉన్నంతకాలం, మీ అబ్బాయి చేయి పెట్టకపోయినా అవి ప్రమాదంలోనే ఉన్నాయి. కాబట్టి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొనండి. కోఠీలోనో, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో తేలికగా దొరుకుతుంది. పేజ్‌మేకర్ ఫైళ్లు ఒక్కటే ఎక్కిస్తే చాలదు. వాటిలో వాడిన బొమ్మలు, అను ఫాంట్లు, ఆ సాఫ్ట్‌వేర్లను మళ్లీ ఎక్కించుకోవడానికి కావలసిన సీడీలు లేదా ఫైళ్లు, వాటి సీరియల్ నంబర్లు అన్నీ ఉండాలి. అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే పద్ధతిలో లేవు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో మీ శుభలేఖ అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాల వరుసలా కనిపిస్తుంది. పేజ్‌మేకర్ అయితే 2001లో వచ్చిన 7.0తోనే ఆగిపోయింది, ఇవాళ పోగొట్టుకుంటే రేపు అంగట్లో కొనుక్కోగలిగేది కాదు. కాపీ తీసిన తరువాత మీ స్నేహితురాలి కంప్యూటర్‌లో ఒక పాత కార్డును, ఒక కొత్త కార్డును తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను.

మీరు అడిగిన రెండు ప్రశ్నలకు చిన్న జవాబులే ఉన్నాయి. విండోస్, లినక్స్ పక్కపక్కన ఉంటే విండోస్ నెమ్మదించదు, ఎందుకంటే ఒక సమయంలో లేచేది ఒకటే. రెండోది డిస్కు మీద చోటు తీసుకొని నిద్రపోతూ ఉంటుంది. తగ్గేది మీకు మిగిలే స్థలం మాత్రమే. ఫైళ్లు వాటంతటవి పోవు కానీ, ఎక్కించేటప్పుడు ఒకే ఒక్క తెర దగ్గర తప్పు నొక్కితే అన్నీ పోతాయి. ఆ తెర గురించి కింద చెబుతాను.

ముందు మీ అబ్బాయి అవసరమెంతో చూడాలి. ల్యాబ్‌లో చేయించేది షెల్ ఆదేశాలు, సీ ప్రోగ్రాములు, ఫోర్క్, పైప్ వంటి సిస్టమ్ కాల్స్ వరకే అయితే, దానికి ల్యాప్‌టాప్‌ను రెండుగా చీల్చనవసరం లేదు. విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ అనే ఏర్పాటు ఉంది. ఒక్క ఆదేశంతో ఉబుంటు వచ్చి చేరుతుంది, దాని రెండో రూపంలో నడిచేది అచ్చమైన లినక్స్ కెర్నలే, అంటే దాని గుండెకాయే. డిస్కు విభజన, బూట్ పద్ధతి ఏవీ మారవు. వద్దనుకుంటే తీసేయవచ్చు. అయితే దీనికీ ఒక మెలిక ఉంది: డబ్ల్యూఎస్‌ఎల్ లోపలి నుంచి మీ సీ డ్రైవ్ కూడా కనిపిస్తుంది, కాబట్టి అక్కడ తప్పుగా కొట్టిన ఒక తొలగింపు ఆదేశం మీ ఫైళ్ల వరకు చేరగలదు. మీ అబ్బాయికి విండోస్‌లో వేరే యూజర్ ఖాతా, అదీ అడ్మినిస్ట్రేటర్ కానిది, ఇచ్చి, మీ పని ఫైళ్లను మీ ఖాతా ఫోల్డర్లలోనే ఉంచుకుంటే ఆ ప్రమాదం తప్పుతుంది. మొదట ఒకసారి ఎక్కించేటప్పుడు మాత్రం మీ పాస్‌వర్డ్ మీరే వేయవలసి ఉంటుంది. ఈ దారిలో అతనికి దక్కనిది ఏమిటంటే, ఒక లినక్స్ యంత్రం మొదటి నుంచి ఎలా లేస్తుంది, వైఫై డ్రైవర్ దొరకకపోతే ఏం చేయాలి, చెడిపోతే ఎలా బాగుచేసుకోవాలి అన్న అనుభవం. అతనికి కావలసింది అదే అయితే డబ్ల్యూఎస్‌ఎల్ ఇచ్చి సరిపెట్టుకోమనడం న్యాయం కాదు. విండోస్ లోపల మరో కంప్యూటర్ ఉన్నట్టుగా నడిపించే వర్చువల్‌బాక్స్ వంటివి కూడా ఉన్నాయి కానీ, 8 జీబీ ర్యామ్‌లో అవి నడుస్తూ ఉండగా కోరల్‌డ్రా తెరిస్తే ఇద్దరూ విసుక్కోవడమే మిగులుతుంది.

మీరు ఉత్తరం చివర ఒక్క వాక్యంలో దాటవేసిన అటక మీది డెస్క్‌టాప్ నాకు చాలా నచ్చింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ఆపేసింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0, ప్రాసెసర్ నిబంధనలు అందుకోలేక అటకలెక్కిన కంప్యూటర్లలో చాలావాటికి వేరే జబ్బేమీ లేదు. పాత హార్డ్‌డిస్క్ తీసి ఒక చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్ మరీ తక్కువైతే ఇంకొక స్టిక్ జోడిస్తే, దాని మీద లినక్స్ మింట్ హాయిగా నడుస్తుంది. అక్కడ అతను డిస్కును పదిసార్లు చెరిపి పదిసార్లు రాసినా మీ ప్రూఫు ఆగదు. అతను ఒప్పుకోకపోవచ్చు, డెస్క్‌టాప్‌ను కాలేజీకి మోసుకెళ్లలేడు, స్నేహితుల ముందు చూపించుకోలేడు. ఆ వయసులో రెండో కారణం మొదటిదానికంటే బలమైనది. అయినా ప్రస్తావన తెచ్చి చూడండి. దించేటప్పుడు లోపలి దుమ్ము దులపడం, మదర్‌బోర్డు మీది బటన్ బ్యాటరీ మార్చడం మరచిపోవద్దు.

మధ్యేమార్గంగా యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ ఒకటి కొని, లినక్స్‌ను పూర్తిగా దాని మీదే ఎక్కించవచ్చు. అది తగిలించి, లేచేటప్పుడు బూట్ మెనూలో దాన్ని ఎంచుకుంటే లినక్స్. తీసేస్తే మీ ల్యాప్‌టాప్ మీదే. సంచిలో వేసుకొని కాలేజీకీ తీసుకెళ్లవచ్చు. ఇక్కడ ఒక జాగ్రత్త: బయటి డిస్కును ఎంచుకున్నా కూడా లినక్స్‌ను ఎక్కించే కొన్ని ఇన్‌స్టాలర్లు తమ బూట్ భాగాన్ని మాత్రం లోపలి డిస్కు మీద, యంత్రం లేవడానికి కావలసిన ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ విభాగంలో పెట్టేసిన సందర్భాలు ఉన్నాయి. అప్పుడు బయటి డిస్కు తీసేసిన రోజున ల్యాప్‌టాప్ నల్లటి తెర మీద, లినక్స్‌ను లేపే ప్రోగ్రాము పేరైన "గ్రబ్" అని చూపిస్తూ నిలబడిపోతుంది. విండోస్ ఎక్కడికీ పోదు; బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్‌ను ఎంచుకుంటే లేస్తుంది. కానీ ఆ సంగతి తెలియని మనిషికి అది మరో నీలి తెర. బూట్ భాగాన్ని ఎక్కడ పెడుతున్నాడో నొక్కడానికి ముందు మీకు చూపించమనండి.

ఇక అతను కోరుతున్నది, అంటే ఒకే డిస్కు మీద రెండూ. ఇది అసాధ్యమూ కాదు, దుస్సాహసమూ కాదు. క్రమం తప్పితేనే చిక్కు. బ్యాకప్, కీ సిద్ధమయ్యాక, విండోస్ సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్‌ను ఆపి, తాళం పూర్తిగా విడిపోయేవరకు ఆగాలి. పని అయ్యాక మళ్లీ పెట్టుకోవచ్చు. ఆపి ఉంచినంతకాలం ల్యాప్‌టాప్ ఎవరి చేతిలో పడితే వాళ్లు ఫైళ్లు చదవగలరని గుర్తుంచుకోండి. తరువాత ఫాస్ట్ స్టార్టప్ తీసేయాలి. అది ఉన్నప్పుడు షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా పడుకోదు. తన లోపలి స్థితిని డిస్కు మీద రాసి పెట్టుకొని, రేపు అక్కడి నుంచే లేస్తుంది. ఆ మధ్యలో లినక్స్ వచ్చి అదే విభాగంలో రాస్తే ఫైళ్లు దెబ్బతింటాయి. అందుకే లినక్స్ చాలాసార్లు దాన్ని చదవడానికే తప్ప రాయడానికి తెరవదు. మీ పని విభాగంలో అసలు రాయకూడదన్నది మీ ఇద్దరి మధ్య ఒప్పందంగా ఉంటే ఇంకా మేలు.

చోటు చేయడం విండోస్ లోపలి నుంచే, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ష్రింక్ ద్వారా జరగాలి. ఉబుంటుకు 25 జీబీ కనీసమంటారు; చదువుకు 80 నుంచి 100 జీబీ ఇస్తే మళ్లీ మళ్లీ కదపవలసిన పని ఉండదు. డిస్కులో ఎంతో ఖాళీ కనిపిస్తున్నా విండోస్ కొద్దిగానే వదులుతానంటే, ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే పేజింగ్ ఫైలు వంటి కదలని ఫైళ్లు మధ్యలో కూర్చున్నాయని అర్థం. బలవంతం చేయకుండా, దాన్ని తాత్కాలికంగా ఆపి మళ్లీ ప్రయత్నించాలి. కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో లినక్స్ ఇన్‌స్టాలర్‌కు లోపలి డిస్కు కనిపించనే కనిపించదు. ఆర్‌ఎస్‌టీ లేదా వీఎండీ అనే ఇంటెల్ డిస్కు అమరిక దానికి కారణం. అప్పుడు బయోస్‌లో దాన్ని ఉన్నపళంగా మార్చేస్తే విండోస్ లేవదు. మార్చడానికి ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేలా అమర్చి, మార్చిన తరువాత ఒకసారి సేఫ్ మోడ్‌లో లేపి, ఆపై మామూలు స్థితికి తేవాలి. ఈ ఒక్క మాట మీ అబ్బాయికి ముందే తెలుసో లేదో అడగండి. అతని సిద్ధత ఎంతో ఆ జవాబులో తెలిసిపోతుంది.

నేను పైన చెప్పిన తెర ఇన్‌స్టాలర్ మధ్యలో వస్తుంది. విండోస్‌ను ఉంచి పక్కన ఎక్కించాలా, డిస్కు మొత్తం చెరిపి ఎక్కించాలా, విభాగాలు మనమే ఎంచుకోవాలా అని అడుగుతుంది. "ఎరేస్ డిస్క్" అన్న రెండోదాన్ని నొక్కి ముందుకు పోతే, ఇంతవరకు పడ్డ జాగ్రత్తంతా వృథా. ఆ తెర దగ్గర మీరు పక్కన కూర్చోండి. అక్కడ ఉన్నది రెండు ఇంగ్లిష్ మాటలే, మీరు చదవగలరు. చేత్తో ఎంచుకునే పక్షంలో, కొన్ని వందల ఎంబీల చిన్న ఈఎఫ్‌ఐ విభాగం కనిపిస్తుంది. దాన్ని వాడుకోవాలే తప్ప ఫార్మాట్ చేయకూడదు.

అంతా సవ్యంగా అయినా ఈ ఏర్పాటుకు కాపలా అవసరం. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ భద్రతా అప్‌డేట్ తరువాత, రెండూ ఉన్న కొన్ని కంప్యూటర్లలో లినక్స్ లేవడం మానేసింది. విండోస్ మామూలుగానే నడిచింది. మీ వైపు నుంచి చూస్తే నష్టం లేదు, కానీ మీ అబ్బాయి ల్యాబ్ పరీక్ష ముందు రోజు అలా జరిగితే అతని గతేమిటన్నది అతను ఆలోచించుకోవలసిన విషయం. అలాగే లేచేటప్పుడు కనిపించే గ్రబ్ మెనూలో విండోస్‌నే మొదటి ఎంపికగా పెట్టమనండి. పొద్దున్నే కాఫీ గ్లాసుతో వచ్చి కూర్చున్న మీరు ఏ మీటా నొక్కకుండానే మీ విండోస్ రావాలి.

ఎప్పుడు చేయాలన్నది మీ చేతిలో ఉన్న బలం. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు. మూఢమైతే ఇంకా నయం. బోనాల ఫ్లెక్సీల పని ఉంటుందంటారేమో, అవి పేజ్‌మేకర్ గడువులు కావు కదా. ఆ నెలలో ఒక శనివారం ఉదయం, ఇద్దరూ ఇంట్లో ఉన్నప్పుడు, కీ కాగితం బల్ల మీద పెట్టుకొని మొదలుపెట్టవచ్చు. అప్పటివరకు డబ్ల్యూఎస్‌ఎల్‌తో ల్యాబ్ పని గడుస్తుంది. లేదూ, డెస్క్‌టాప్ దించి చూసి, అదీ చాలకపోతే అప్పుడు ఆలోచిద్దామనుకున్నా తప్పు లేదు. మీరు పూర్తిగా వద్దన్నా మీకు ఆ హక్కు ఉంది. కాకపోతే అతనికి మరో దారి చూపించి వద్దనడం వేరు, పాస్‌వర్డ్ మార్చి ఊరుకోవడం వేరు.

ఒకే డిస్కు మీద రెండూ పెట్టడానికే మీరు ఒప్పుకుంటే, మొదటి రోజే మిమ్మల్ని కంగారుపెట్టే చిన్న సంగతి ఒకటి ఉంటుంది. అతను రాత్రి లినక్స్ వాడి మూసిన తరువాత మీరు విండోస్ తెరిస్తే, గడియారం అయిదున్నర గంటలు వెనక ఉండవచ్చు. ఉదయం తొమ్మిదింటికి తెల్లవారుజాము మూడున్నర అంటుంది. యంత్రంలోని గడియారాన్ని విండోస్ మన స్థానిక సమయంగా, లినక్స్ గ్రీన్‌విచ్ లెక్కలోని సమయంగా చదవడం వల్ల వచ్చే తేడా అది. చెడిపోయిందేమీ లేదు. కానీ ఆ సమయంతోనే మీరు ఫైలు సేవ్ చేస్తే, కొద్ది గంటల ముందే దిద్దిన ప్రూఫుకంటే ఇప్పుడు దిద్దినది పాతదిగా కనిపించి, ప్రెస్సుకు తప్పు ఫైలు వెళ్లే ప్రమాదం ఉంది. లినక్స్‌లో "టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1" అన్న ఆదేశం ఒకసారి ఇస్తే రెండూ ఒకే లెక్కకు వస్తాయి. ఎక్కించిన రోజే ఆ పని చేయించి, రెండు వైపులా గడియారం గోడ గడియారంతో సరిపోయిందో లేదో మీరే చూడండి.